మోచేతి బోణీ

మొన్న గన్నవరం ఎయిర్‌పోర్టులో నా కుడి మోచెయ్యి కూసింది. సెక్యూరిటీ కుర్రాడు చేతిలో నల్లటి తెడ్డులాంటి యంత్రంతో నా ఒళ్ళంతా తడుముకుంటూ వచ్చి మోచేతి దగ్గర ఆగాడు. అది కీచుమంది. ఇంకోసారి తిప్పాడు. ఇంకా గట్టిగా కీచుమంది.

"ఏముంది సార్ లోపల?"

"రెండు ప్లేట్లు, గుప్పెడు స్క్రూలు. బ్యారేజీ దిగువన మొసలి పట్టుకుంది బాబూ. అది నమిలి వదిలేసిన ఎముకల్ని డాక్టర్లు ఏరి బిగించారు."

అతను నోరు తెరిచాడు. నా వెనక నిలబడ్డ మా ఆవిడ చెప్పులు విప్పుతూనే, "ఆవకాయ జాడీ కోసం ప్లాస్టిక్ స్టూలెక్కి పడ్డారండీ, పంపించెయ్యండి" అంది.

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ విమానం ఎక్కి కూర్చున్నాక నవ్వు పోయి ఒక మనిషి గుర్తొచ్చింది. నా మొసలి కథని నా మొహం మీదే తూకం వేసి, తక్కువ వచ్చిందని మొట్టమొదట తేల్చింది ఆవిడే. కంకిపాడు చేపల మార్కెట్లో అమ్మేది. మొన్న వానాకాలంలో గుండె ఆగి నిద్రలోనే పోయిందట. చేపలకని వెళ్ళినప్పుడు తెలిసింది నాకు.

మా ఇద్దరి ఎముకలూ ఒకే వారంలో విరిగాయి. ఇద్దరికీ కుడి మోచెయ్యే. సూర్యారావుపేటలో ఒకే డాక్టరు ఇద్దరికీ ఆపరేషన్ చేశాడు. నా ఎముక విరిగిన చప్పుడికి మా వీధిలో కుక్కలన్నీ గుణదల కొండెక్కి మూడు రోజుల దాకా దిగలేదు, అది వేరే సంగతి. ఎక్స్‌రేలో చూస్తే భుజం నుంచి దిగిన ఎముక చివర చేతిలోంచి జారిపడ్డ అప్పడంలా ఉంది. ఆ ముక్కల్ని పేర్చి, అటొక ప్లేటూ ఇటొక ప్లేటూ పెట్టి, దండం పెట్టిన రెండు చేతుల మధ్య పట్టుకున్నట్టు బిగించాడాయన. కుట్లు విప్పుతూ ఒక మాటన్నాడు.

"బిగించడం వరకే నా పని. వంచుకోవడం మీ పని. మోచెయ్యి అలిగే జాతి. పలకరించకుండా నాలుగు వారాలు వదిలేశారా, ఇక ఎంత బతిమాలినా మడత పడదు."

మా ఇంట్లో ఈ మాట ఎవరికీ ఎక్కలేదు. చెయ్యి కదిపితే ప్లేటు ఊడి కంచంలో పడుతుందన్నట్టు మా ఆవిడ నాకు ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. పులుపు తింటే చీము పడుతుందని గోంగూర మాన్పించింది. నేను రాజాలాగా నోరు తెరుచుకుని కూర్చునేవాణ్ణి. అందుకే ఫిజియోథెరపీ గదికి వెళ్ళిన మొదటిరోజు నా చెయ్యి తలుపు గొళ్ళెంలా నిలబడిపోయి ఉంది.

ఆ గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది ఆవిడ. ఒడ్డూ పొడుగూ మనిషి. రూపాయి బిళ్ళంత బొట్టు, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, బొడ్డు దగ్గర బిగించి దోపిన పమిట. పుట్టిల్లు కొల్లేటి ఒడ్డున, మెట్టినిల్లు కంకిపాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, పక్క కుర్చీ మీద ఉన్న తన సంచీ తీసి కింద పెట్టింది.

"కూచో తమ్ముడూ. నీకెట్టా ఇరిగింది?"

అంత చక్కటి అవకాశం నేను వదులుకునేవాణ్ణి కాను. మొసలి కథ మొత్తం చెప్పాను. తోకతో సహా. శ్రద్ధగా విని, ఎడమ చేతి వేళ్ళు రెండు నా చెవి వైపు చాపి, చేప మొప్ప ఎత్తి చూసినట్టు గాల్లోనే ఎత్తి చూసింది.

"ఎర్రగా లేదు. నిన్నటి సరుకు ఇది. ఐసులో పెట్టి తెచ్చావు."

మర్నాడు కంకిపాడు సెంటర్లో ఎద్దు కుమ్మిందని చెప్పాను. మళ్ళీ మొప్ప ఎత్తింది. "ఎద్దు ఎక్కడ కుమ్మింది? మా మార్కెట్ పక్కనా? ఆ సెంటర్లో ఈగ వాలినా నాకు తెలిసిద్ది. ఇంకోటి చెప్పు." రోజుకొకటి చెప్పేవాణ్ణి. ఒక్కటీ కొనలేదు. ఆఖరికి విసుగొచ్చి ఆవకాయ జాడీ సంగతి చెబితే ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "ఇదిగో, ఇది తాజాది" అని గది అంతా వినేలా నవ్వింది.

ఆవిడ తన సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేది. "ఐసు నీళ్ళ మీద జారాను." అంతే. దానికి ఏ హంగూ చేర్చేది కాదు. నాబోటి వాడికి అది చూసి ఎంత బాధగా ఉండేదో.

ఆ గదిలో మాకు చేతులు వంచించే అమ్మాయిది గుణదల. సన్నగా, నెమ్మదిగా ఉండేది. మెడలో చిన్న సిలువ. ఎంత అరిచినా గొంతు పెంచేది కాదు. మన మోచెయ్యి ఎంత మడత పడిందో కొలవడానికి రెండు చేతులున్న ప్లాస్టిక్ స్కేలొకటి పెట్టేది. బడిపిల్లల జామెట్రీ బాక్సులోది పెద్దదైనట్టు ఉంటుంది. దాని పేరేమిటో ఆ అమ్మాయి చాలాసార్లు చెప్పింది కానీ ఆవిడ దాన్ని తక్కెడ అనే అనేది.

"తొంభై అయిదు, ఆంటీ."

"నిన్న నూరన్నావుగా."

"నిన్న కూడా తొంభై అయిదే ఆంటీ."

"పొద్దున్నే బస్సెక్కి వచ్చానమ్మా. నూరేస్కో."

"ఉన్నదే వేస్తాను ఆంటీ."

"సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. తొంభై ఎనిమిదికి ఇచ్చెయ్యి."

ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ మళ్ళీ స్కేలు పెట్టేది. ఈసారి ఆవిడ మోచెయ్యి కదలకుండా భుజాన్ని మెల్లగా ముందుకు తోసేది. చెయ్యి మొహానికి దగ్గరగా వచ్చినట్టు కనబడేది.

"ఆంటీ, భుజం."

"తూకమన్నాక కాస్త మొగ్గు ఉండాలమ్మా. కొసరు."

"మోచేతికి కొసరు లేదు ఆంటీ."

"మీ ఆసుపత్రోళ్ళు బాగుపడరే" అని భుజం వెనక్కి లాక్కునేది. నా వంతు వచ్చినప్పుడు నేనూ అదే భుజం ఎత్తు వేశాను. ఆ అమ్మాయికంటే ముందు ఆవిడే పట్టేసింది. "చూడమ్మా, మోసం!" అని అరిచింది. తన విద్య ఇంకొకళ్ళు వాడితే ఒప్పుకోదు.

చేపల వాసన రావడం లేదని ఆవిడకి పెద్ద దిగులు. "నా ఒంటికి నా వాసన లేదు తమ్ముడూ. ఎవురి ఒంట్లోనో అద్దెకున్నట్టుంది" అనేది. చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కి ఉండేవి. అక్కడి నరం తేరుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు. వాటిని ఎడమ చేత్తో ఒకదాని తర్వాత ఒకటి లాగుతూ, నిద్రలేవని పిల్లల్ని తిట్టినట్టు తిట్టేది.

ఆవిడకి అంత తొందర ఎందుకో నాకు కొన్నాళ్ళ దాకా తెలియలేదు. ఒకరోజు స్కేలు తీశాక నేను, "కంచం దాకా వంగుతోందిగా అక్కా, ఇంకేం కావాలి?" అన్నాను.

ఆవిడ కుడిచెయ్యి పైకెత్తింది. అది గడ్డం కింద ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఎడమచేతి వేలితో కళ్ళు చూపించింది.

"ఇక్కడి దాకా రావాలి. బోణీ కళ్ళకి అద్దుకోవద్దూ?"

అప్పుడు చెప్పింది సంగతంతా. మార్కెట్లో వాళ్ళ కుటుంబానికి ఒకటే సిమెంటు దిమ్మ. ఆ ఇంటి కోడళ్ళు ఇద్దరు, ఈవిడా తోటికోడలూ. ఒకళ్ళు దిమ్మ మీద కూర్చుని అమ్మాలి, రెండోవాళ్ళు కింద కత్తిపీట ముందు కూర్చుని కోసిపెట్టాలి. కార్తీకమాసం నీచు ముట్టేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ నెల మార్కెట్ సగం నిద్రపోతుంది. పోలిని స్వర్గానికి పంపిన మర్నాడు మళ్ళీ జనం విరగబడతారు. ఆ పొద్దున దిమ్మ మీద ఎవరు బోణీ చేసి, ఆ నోటు కుడిచేత్తో కళ్ళకి అద్దుకుంటారో, వచ్చే కార్తీకం దాకా దిమ్మ వాళ్ళది. ఎవరు పెట్టారో తెలియదు కానీ అక్కడ అదే చట్టం. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారు ఈవిడ చేత అద్దించింది. అప్పటి నుంచీ దిమ్మ ఈవిడదే. చెయ్యి విరిగాక తోటికోడలు ఎక్కి కూర్చుంది.

"ఇప్పుడు నాకు అద్దుకునే చెయ్యి లేదంటే దిమ్మ దానిదైపోద్ది. నేను కింద కూచోవాలి. కత్తిపీట మీద కొయ్యాలన్నా ఇదే చెయ్యి కావాల. అమ్మేదాన్నీ కాను, కోసేదాన్నీ కాను. ఇంక ఆ మార్కెట్లో నేనెందుకు?"

ఆ మాట ఆవిడ మామూలు గొంతుతోనే అంది. నేను ఒక తెలివైన సలహా ఇచ్చాను. "చెయ్యి పైకి రాకపోతే తల కిందికి వంచు. కళ్ళకి తగిలిపోతుంది."

ఆవిడ నావైపు తిరిగిన తిరుగుడికి కుర్చీ కిర్రుమంది. "తలొంచి బోణీ తీసుకుంటారా ఎవురన్నా? దేవుడి ముందు వంచుతా. దిమ్మ మీద కూచుని వంచితే ఏడాదంతా వచ్చిన ప్రతోడి ముందూ వంచాల్సొచ్చిద్ది."

"పోనీ ఎడమచెయ్యి?"

"ఎడం చేత్తో బోణీ తీసుకుంటే బుట్టలో చేపలు లేచి ఏట్లోకి పోతాయి. నువ్వు కతలే చెప్పుకో తమ్ముడూ, సలహాలు నీ వల్ల కాదు."

తోటికోడలు కూడా అప్పుడప్పుడు ఆవిడ వెంట బస్సులో వచ్చేది. చిన్న మనిషి, గుండ్రటి మొహం, మాట తక్కువ. క్యారేజీ మోసుకొచ్చేది, ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు ఈవిడ పమిట సర్దేది. వెళ్ళాక ఈవిడ, "దానికి నా మీద ప్రేమే తమ్ముడూ. దిమ్మ మీద ఇంకాస్త ఎక్కువ" అనేది.

ఆ ప్రేమతోనే ఒకసారి ఆవిణ్ణి తమ బంధువుల ఊళ్ళో నాటు కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఏవో ఆకులు కాచిన నూనె పోసి, బిగుసుకున్న చోటల్లా బొటనవేళ్ళతో కుమ్మి కుమ్మి మర్దనా చేశాడు. రెండురోజుల తర్వాత ఆవిడ గదిలోకి వచ్చినప్పుడు మోచెయ్యి పనసకాయలా ఉబ్బి ఉంది. ముట్టుకుంటే పెనం. ఆ అమ్మాయి స్కేలు పెట్టి అంకె చెప్పింది. వారాల తరబడి బేరమాడి సంపాదించిందంతా పోయింది.

ఆవేళ ఆవిడ బేరం ఆడలేదు. "సరే అమ్మా" అంది. ఆ గదిలో నేను విన్న మాటల్లో నాకు భయం వేసింది ఆ ఒక్క మాటకే.

డాక్టరు వచ్చి చూశాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మోచేతి దగ్గర కండని అలా నలిపితే ఆ కండలో కొత్త ఎముక పుడుతుందమ్మా. పుట్టిందా, దాన్ని తియ్యడానికి ఏడాది ఆగి మళ్ళీ కొయ్యాలి. వేడి తగ్గేదాకా విశ్రాంతి. తర్వాత మీ చెయ్యి మీరే వంచుకోవాలి. ఇంకొకళ్ళు ముట్టుకోవడానికి వీల్లేదు."

"కార్తీకం ఎల్లేలోపు వచ్చిద్దా బాబూ?"

ఆయనకి కార్తీకం సంగతేం తెలుసు? "ఎక్స్‌రే తీసి చూద్దాం" అన్నాడు. తోటికోడలు గుమ్మం దగ్గర క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. తోటికోడలి మొహంలో ఏముందో చెప్పడానికి నాకు చేతకాదు. అబద్ధమైతే ఇట్టే చెప్పేవాణ్ణి.

తర్వాత తీసిన ఎక్స్‌రేలో కొత్త ఎముక లేదు. ఆ రోజు ఆవిడ నాకు గన్నవరం పూతరేకుల పొట్లం ఇచ్చింది. గన్నవరంలో పూతరేకులు దొరుకుతాయని కాదు, ఆ ఎక్స్‌రే ఆవిడకి ఎంత తీపిగా ఉందో చెప్పడానికి నాకు ఇంకో దారి దొరకలేదు. నిజానికి ఇచ్చింది రెండు జామకాయలు.

అక్కణ్ణుంచి ఆవిడ అంకెల మీద బేరం మానేసింది. తన మొహాన్నే స్కేలు చేసుకుంది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పైకెత్తించి, దాని బరువుకి అదే మొహం మీదకి వంగేలా వదలమనేది ఆ అమ్మాయి. ఊపిరి వదులుతూ వదలాలి. ఆవిడ కళ్ళు మూసుకుని, తన చేతిని తనమీదికే పిలుచుకునేది. "రావే. రా. ఎవురూ కొట్టరు."

ఒకరోజు వస్తూనే ప్రకటించింది. "ఇవాళ నా నోరు నాకు దొరికింది." రాత్రి తన ముద్ద తను తిందట. గదిలో ఉన్న మోకాళ్ళ వాళ్ళూ, నడుం వాళ్ళూ చప్పట్లు కొట్టారు. కొన్నాళ్ళకి ముక్కు దొరికింది. పుడక తనే తిప్పుకుని చూపించింది, ముందు ఎడమవైపుది, తర్వాత కుడివైపుది. నా చెయ్యి అప్పటికి గడ్డం గీసుకునే దాకా వచ్చింది. నాకు పోటీ అనిపించి, "నేను చెవి వెనక గోక్కున్నా" అని చెప్పాను. ఆవిడ మొప్ప ఎత్తనైనా ఎత్తలేదు. తల అడ్డంగా ఊపింది, అంతే.

కళ్ళు మాత్రం దొరకలేదు. ముక్కు పుడక దగ్గర చెయ్యి ఆగిపోయేది. అక్కణ్ణుంచి కంటికి ఎంత దూరమో మీరు అద్దంలో చూసుకోండి. ఆ కాస్త మేరకి ఆవిడ కార్తీకం చివరి వారమంతా చెమట కార్చింది. "వస్తుంది ఆంటీ, సంక్రాంతికల్లా వస్తుంది" అంది ఆ అమ్మాయి. "నాకు సంక్రాంతికి ఎందుకమ్మా? సంక్రాంతికి ఎవురు అడిగారు?" అంది ఆవిడ.

బోణీకి నన్ను రావద్దంది. "నీ చెయ్యీ ఇనుమే. ఎట్టాంటిదో ఏందో. బోణీకి మంచి చెయ్యి రావాల." అంచేత నేను తప్పకుండా వెళ్ళాలని నిశ్చయించుకున్నాను.

ఆ పొద్దున మొదటి బస్సులోనే కంకిపాడు చేరాను. మంచు ఇంకా విడలేదు. మార్కెట్లో ఐసు పగలగొడుతున్న చప్పుడు, నీచు వాసన, టీ వాసన. ఆవిడ దిమ్మ మీద కూర్చుని ఉంది. కొత్త చీర కట్టింది. పక్కనే, అదే దిమ్మ అంచున, తోటికోడలు తన పీట వేసుకుని కూర్చుంది. ఈవిడ చెయ్యి రాకపోతే తర్వాతి బోణీ తను చెయ్యడానికి సిద్ధంగా ఉందని చూడగానే తెలుస్తోంది. ఇద్దరి మధ్యా తడి గోనెపట్టా మీద శీలావతి చేపలు పేర్చి ఉన్నాయి.

నన్ను చూసి ఆవిడ తల పట్టుకోబోయింది. "వద్దంటే వచ్చావా!"

"శీలావతి ఎట్టా అక్కా?"

ధర చెప్పింది. "ఇవ్వు" అన్నాను.

ఆవిడకి నిజంగా కోపం వచ్చింది. "ఇవ్వడమేంది? బేరం ఆడవయ్యా! బేరం లేకండా బోణీ ఏంది, సంతర్పణా ఇక్కడ?"

సరేనని ఆడాను. సగానికి అడిగాను. ఆవిడ నన్నూ, నా బుద్ధినీ, నన్ను పంపించిన మా ఆవిడనీ కలిపి తిట్టింది. వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేశాను. పిలిచింది. చుట్టుపక్కల దిమ్మల వాళ్ళు తమ పని ఆపి మమ్మల్నే చూస్తున్నారు. బేరం కుదిరింది. చేప తూచి పక్కన పెట్టింది. నేను నోటు చాపాను. కుడిచేత్తో అందుకుంది.

చెయ్యి లేచింది. గుండె దాటింది, గడ్డం దాటింది, నోరు దాటింది. ముక్కు పుడక దగ్గర ఆగింది.

ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది, గదిలో వదిలినట్టే. చెయ్యి పైకి రాలేదు. మెడ మాత్రం ముల్లుగర్రలా నిటారుగా ఉంది.

"కాస్త తలొంచక్కా. నేను చూళ్ళేదనుకో" అంది తోటికోడలు గొంతు తగ్గించి.

ఆవిడ వంచలేదు. ఇక నేను ఉండబట్టలేక, "తగిలింది! నేను చూశాను, తగిలింది!" అని అరిచాను.

"నువ్వు నోరుముయ్యి" అంది, కళ్ళు తెరవకుండానే.

అలా ఎంతసేపుందో నాకు తెలియదు. చేపల మీద ఐసు కరిగి బొట్లు బొట్లుగా కారుతోంది. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా నిలబడిపోయారు. అప్పుడు ఆవిడ వేళ్ళు కదిలాయి. గుప్పిట్లో ఉన్న నోటుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, చెయ్యి కదపకుండా, కొద్దికొద్దిగా పైకి నెట్టింది. వల కంతలోంచి చేప తల దూరినట్టు నోటు అంచు వేళ్ళ పైకి వచ్చింది. ఇంకా వచ్చింది. ఆ కాస్త మేరా దాటి వెళ్ళి కుడి రెప్పకి తగిలింది. మణికట్టు తిప్పింది. ఎడమ రెప్పకి తగిలింది.

"అద్దుకోవాల్సింది బోణీని" అంది ఎవరినీ చూడకుండా. "చేతిని కాదు."

అందరూ తోటికోడలి వైపు చూశారు. కాదనాలంటే అనగలిగింది ఆవిడ ఒక్కతే. ఆవిడ నోటు వంకా, అక్క మెడ వంకా కాసేపు చూసింది. తర్వాత పీట చేత్తో పట్టుకుని దిమ్మ దిగింది. కత్తిపీట ముందు పీట వేసుకుని, పమిట దోపుకుని, నా శీలావతిని దగ్గరికి లాక్కుని గుప్పెడు బూడిద తీసి పొలుసు మీద రాసింది. తల పైకెత్తి అడిగింది.

"ముక్కలు ఏ సైజు కొట్టమంటావక్కా?"